డిక్కీలో యేసు విగ్రహం, దారి పొడవునా పాటలు: ‘సెర్చింగ్ ఫర్ ద రాంగ్-ఐడ్ జీసస్’ డాక్యుమెంటరీపై చర్చ

పాతరేడియో రాసినది:

మిత్రులందరికీ నమస్కారం. ఆండ్రూ డగ్లస్ అనే బ్రిటిష్ దర్శకుడు 2003లో తీసిన ఈ డాక్యుమెంటరీని చాలా ఆలస్యంగా, మొన్న శనివారం రాత్రి చూశాను. బీబీసీ వారి ‘అరీనా’ వరుసలో వచ్చిన ఈ చిత్రం నిడివి గంటన్నర కూడా ఉండదు. ఫ్లోరిడాలోని పెన్సకోలాలో పెరిగి, కొన్నేళ్ళు న్యూయార్క్‌లో టాక్సీ నడిపి, ఆ తరువాత గాయకుడైన జిమ్ వైట్ ఇందులో మనకు దారి చూపుతాడు. ఆయన 1997లో విడుదల చేసిన ఆల్బమ్ దర్శకుణ్ణి ఇటువైపు నడిపించింది. చిత్రం పేరు కూడా ఆ ఆల్బమ్ పేరులోనిదే.

కథ అంటూ ఏమీ లేదు. ఒక పాత షెవ్రొలే ఇంపాలా కారు డిక్కీలో సిమెంటు యేసు విగ్రహాన్ని వేసుకొని, అమెరికా దక్షిణాది రాష్ట్రాల చర్చిలు, జైళ్ళు, బొగ్గు గనులు, లారీలు ఆగే హోటళ్ళు, తాగుడు దుకాణాలు, చిత్తడి అడవుల మీదుగా జిమ్ వైట్ తిరుగుతూ ఉంటాడు. మధ్య మధ్య ఎవరో ఒకరు గిటారో బాంజోయో పట్టుకొని పాడతారు. మూత సరిగా పడని డిక్కీలో వెల్లకిలా పడుకొని ఆకాశాన్ని చూస్తున్న ఆ విగ్రహం మాత్రం నాకింకా కళ్ళ ముందే ఉంది.

ఆ పల్లెల్లో పాపి ఒకడు, భక్తుడు ఇంకొకడు కాడు. శనివారం రాత్రి తాగి తన్నుకున్నవాడే ఆదివారం పొద్దున్న తల దువ్వుకొని సంఘంలో కూర్చుంటాడు. అక్కడి సంగీతం కూడా అలాగే రెండు చోట్లా ఒకే గొంతుతో పలుకుతుంది. చర్చిలో ఆర్గన్ వాయించే తల్లి పక్కన పాట నేర్చుకున్న కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్, వెలుగును చూశానని 1948లో విడుదలైన పాటలో పాడి, 1953 జనవరి 1న 29 ఏళ్ళ వయసులో కారు వెనుక సీటులో తాగుడుతో చితికిన దేహంతో ప్రాణం విడిచాడు. ఈ రెండింటినీ విడదీయకుండా చూపినందుకే చిత్రం నాకు నచ్చింది. చూసినవారు మీ అభిప్రాయం రాయగలరు.

ఎడిటింగ్_టేబుల్ రాసినది:

పాతరేడియో గారూ, ఛాయాగ్రహణం బాగుందని నేనూ ఒప్పుకుంటాను. తెల్లవారుజామున నీటి మీద పొగమంచును అంత ఓపికగా తీసినవారు తక్కువ. అయితే ప్రకటనల చిత్రాలలో చేయి తిరిగిన దర్శకుడన్న సంగతి ప్రతి ఫ్రేములోనూ తెలిసిపోతుంది. ఈ చిత్రం తరువాత ఆయన 2005లో హాలీవుడ్‌లో ఒక దయ్యాల సినిమా తీశాడు. నాకైతే ఆ మార్పులో వింతేమీ కనబడలేదు, ఎందుకంటే ఇందులో దక్షిణాదిని ఆయన చూసిన చూపు కూడా దయ్యాల కొంపను చూసిన చూపే.

నా అసలు అభ్యంతరం పాడినవారి గురించి. డేవిడ్ జొహాన్సెన్ న్యూయార్క్ రాక్ గాయకుడు. జానీ డౌడ్ టెక్సస్‌లో పుట్టినా న్యూయార్క్ రాష్ట్రంలోని ఇతాకాలో స్థిరపడినవాడు. హ్యాండ్‌సమ్ ఫ్యామిలీ అనే బృందపు దంపతుల పేరు షికాగోలో వినబడింది. సిక్స్‌టీన్ హార్స్‌పవర్ బృందపు డేవిడ్ యూజీన్ ఎడ్వర్డ్స్ కొలరాడో మనిషి. వీరందరూ ప్రతిభావంతులే, కాదనను. కానీ ఒక పల్లె భక్తిని గురించి చిత్రం తీస్తూ, ఆ పల్లె వారిని వెనుక గోడలాగా నిలబెట్టి, వారి బాధను పాడటానికి నగరాల నుంచి గాయకులను పిలిపించడం ఎలాంటి న్యాయం? కెంటకీ రాష్ట్రంలోని లెచర్ కౌంటీ బాంజో వాద్యకారుడు, బొగ్గు గనిలో పనిచేసిన లీ సెక్స్‌టన్ ఇందులో కనబడతాడు. ఆయన దగ్గర కెమెరా మరికొంతసేపు కూర్చుంటే నేను ఈ నాలుగు మాటలూ రాయవలసి వచ్చేది కాదు.

తాడిచెట్టు రాసినది:

చిత్రం సగం చూసి నిద్రపోయాను, క్షమించాలి. అయితే ఆ చర్చి దృశ్యాలు చూస్తుంటే మా ప్రకాశం జిల్లా ఉజ్జీవ సభలు గుర్తుకు వచ్చాయి. ఒంగోలు ప్రాంతానికి సువార్త తెచ్చినది కూడా ఈ దక్షిణాది బాప్టిస్టులే కదా. పోలిక ఉండటంలో ఆశ్చర్యం లేదు.

గుండ్లకమ్మ రాసినది:

తాడిచెట్టు గారూ, ఇది చాలామంది చేసే పొరపాటే గనుక కాస్త వివరంగా రాస్తున్నాను. అమెరికా బాప్టిస్టులు 1845లో రెండుగా చీలిపోయారు. బానిసలను సొంతం చేసుకున్నవారిని మిషనరీలుగా పంపవచ్చునా అన్న ప్రశ్న మీద ఆ చీలిక వచ్చింది. పంపవచ్చునన్నవారు జార్జియాలోని ఆగస్టాలో సమావేశమై సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌ను స్థాపించుకున్నారు. నెల్లూరు, ఒంగోలు మిషన్లు నడిపినవారు బోస్టన్ కేంద్రంగా ఉన్న ఉత్తరాది బాప్టిస్టులు. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొర వారి పక్షాన వచ్చినవాడే. 1876-78 కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకొని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించిన ఆయన, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించాడు. నేను ఈ వేదికలో ఆ ఏటి పేరు పెట్టుకున్నది అందుకే.

కాబట్టి చిత్రంలోని సంఘాలకూ మా సంఘాలకూ నేరుగా తల్లీబిడ్డల వరుస లేదు. దూరపు దాయాదులమని చెప్పుకోవచ్చు, అది కూడా ఒక పాత తగువు మధ్యలో ఉన్న దాయాదులం.

చిత్రం గురించి ఒక్క మాట. అన్యభాషలలో ప్రార్థించే స్త్రీని, కన్నీళ్ళతో నేల మీద పడిపోయిన మనిషిని ఒక చోద్యంలాగా చూపినప్పుడు నాకు కొంచెం కష్టంగా అనిపించింది. అటువంటి కూటాలలో పెరిగినవారికి అది చోద్యం కాదు. పక్కనున్న అత్తయ్య కింద పడితే చీర సర్ది, తలకింద చేయి పెట్టేవారు ఎప్పుడూ ఒకరు ఉంటారు. నా కన్ను ముందుగా వెతికేది ఆ చేతిని.

కంబర్లాండ్_తీరం రాసినది:

నాష్‌విల్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఎడిటింగ్_టేబుల్ గారి మాటకు ఒక సవరణ చేయవలసి ఉంది. బయటివారు వచ్చి పాడారన్నది నిజమే, కానీ కంట్రీ సంగీతంలో ‘బయట’, ‘లోపల’ అన్న గీత మొదటి నుంచీ చెరిగిపోతూనే ఉంది. 1927 జూలై చివర, ఆగస్టు మొదట రాల్ఫ్ పియర్ అనే రికార్డు కంపెనీ మనిషి బ్రిస్టల్ పట్టణంలో ఒక టోపీల గోదాములో యంత్రాలు అమర్చుకొని చుట్టుపక్కల కొండల వారితో పాడించాడు. ఆ ఊరి ప్రధాన వీధి నడిమధ్యన టెనసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు గీత నడుస్తుంది. అక్కడే కార్టర్ ఫ్యామిలీ అనే కుటుంబ బృందం, జిమ్మీ రాడ్జర్స్ అనే గాయకుడు మొదటిసారి రికార్డు అయ్యారు. కెంటకీకి చెందిన ఎర్నెస్ట్ ఫిప్స్ హోలీనెస్ బృందం కూడా ఆ గోదాములోనే దైవగీతాలు పాడింది. భక్తి పాటా లోకపు పాటా ఒకే మైకు ముందు, కొద్ది రోజుల తేడాతో నిలబడ్డాయి. ఆ మైకు తెచ్చినది బయటివాడే.

మా ఊరి రైమన్ ఆడిటోరియం గురించి కూడా చెప్పాలి. టామ్ రైమన్ అనే పడవల వ్యాపారి 1885లో శామ్ జోన్స్ అనే సువార్తికుని ప్రసంగం విని మారుమనస్సు పొంది, ఆ సువార్తికుని కోసం కట్టించిన ప్రార్థనా మందిరం అది. 1892లో పూర్తయింది. 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ సంగీత ప్రదర్శన వారం వారం అక్కడే జరిగింది. నేను అక్కడ మొదటిసారి కచేరీకి వెళ్ళినప్పుడు కుర్చీ ఎక్కడని వెతికాను. కుర్చీలు లేవు, ఉన్నవన్నీ చర్చి బెంచీలే. వంపు తిరిగిన పొడవాటి ఓక్ చెక్క బెంచీ మీద ముక్కూ ముఖం తెలియనివారితో మోకాలికి మోకాలు ఆనించి మూడు గంటలు కూర్చుంటే నడుము పట్టేసింది. ముందు వరుసలో ఒకాయన పాట నచ్చినప్పుడల్లా చప్పట్లకు బదులు చేయి పైకెత్తి కళ్ళు మూసుకుంటున్నాడు. అప్పుడు వినబడుతున్నది విడాకుల పాట.

పాతరేడియో రాసినది:

కంబర్లాండ్_తీరం గారూ, విడాకుల పాటకు చేయి ఎత్తిన ఆ మనిషి ఒక్కడే చాలు, నేను మొదటి టపాలో చెప్పాలనుకున్నది మొత్తం అందులో ఉంది.

ఎడిటింగ్_టేబుల్ గారికి ఒక మాట. పాటల సంగతి అలా ఉంచినా, చిత్రంలో మాట్లాడిన రచయిత హ్యారీ క్రూస్ మాత్రం బయటివాడు కాడు. జార్జియాలోని బేకన్ కౌంటీలో కౌలు రైతుల నడుమ పుట్టి పెరిగినవాడు. మట్టి దారిలో నడుస్తూ ఆయన చెప్పే మాటలలో ఎక్కడా జాలి కోరడం ఉండదు. 1978లో వచ్చిన ఆయన బాల్య స్మృతుల పుస్తకంలో సియర్స్ కంపెనీ వారి వస్తువుల జాబితా పుస్తకం గురించి ఒక ఘట్టం ఉంది. ఆ బొమ్మల్లోని మనుషులందరికీ పది వేళ్ళూ, రెండు కళ్ళూ సరిగా ఉండటం చూసి పిల్లవాడికి అనుమానం వస్తుంది. తన ఊళ్ళో వేలు తెగనివారు, కాలిన మచ్చ లేనివారు, చెవి చిరగనివారు దాదాపు లేరు. బొమ్మల్లోని ఆ నున్నటి మనుషులకు కూడా పైకి కనబడని గాయాలు ఉండి తీరాలని పిల్లలు కథలు అల్లుకుంటారు. రక్తం కారే క్రీస్తు అటువంటి ఊరివారికి ఎందుకంత దగ్గరివాడయ్యాడో ఏ వేదాంత గ్రంథం కన్నా ఈ ఒక్క పేజీ నాకు బాగా చెప్పింది.

ఎడిటింగ్_టేబుల్ రాసినది:

హ్యారీ క్రూస్ విషయంలో నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. కానీ వాదన వదలడం లేదు. పోల్చి చూడటానికి రెండు చిత్రాలు చెబుతాను.

మొదటిది పీటర్ అడేర్ 1967లో తీసిన ‘హోలీ గోస్ట్ పీపుల్’. పశ్చిమ వర్జీనియాలోని స్క్రాబుల్ క్రీక్ అనే చోట పాములను చేతబట్టి ఆరాధించే ఒక చిన్న సంఘం మీద తీసిన నలుపు తెలుపు చిత్రం. మార్కు సువార్త 16వ అధ్యాయం 18వ వచనంలో పాములను ఎత్తి పట్టుకొందురన్న మాటను అక్షరాలా ఆచరించేవారు వాళ్ళు. ఆ ఆచారాన్ని వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడైన జార్జ్ హెన్స్‌లీ 1955లో పాము కాటుతోనే చనిపోయాడు. అడేర్ కూడా బయటివాడే. అయినా ఆయన కెమెరా ముందుగా ఆ మనుషులు చెప్పే సాక్ష్యాలను తొందరపడకుండా వింటుంది, తరువాతే ఆరాధన లోపలికి వెళుతుంది. చివరలో పాస్టరు చేతిని పాము కాటు వేసినప్పుడు మనం తమాషా చూడటానికి వచ్చినవారిగా కాక, ఆయనను ఎరిగినవారిగా ఉలిక్కిపడతాము.

రెండవది ‘ఇన్ ద గుడ్ ఓల్డ్ ఫ్యాషన్డ్ వే’. కెంటకీలోని వైట్స్‌బర్గ్‌లో 1969లో మొదలైన ఆపల్‌షాప్ అనే సంస్థ స్థానిక యువకులకు కెమెరాలు ఇచ్చి చిత్రాలు తీయడం నేర్పింది. అలా నేర్చుకున్న హెర్బ్ స్మిత్ 1973లో అక్కడి ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టుల మీద ఈ చిన్న చిత్రం తీశాడు. ఇంపాలా లేదు, పొగమంచు లేదు. తన ఊరివాళ్ళను తీస్తున్నవాడికి వాళ్ళను వింతగా చూపించవలసిన అవసరం ఉండదు. ఖర్చుతో, హంగుతో చూస్తే డగ్లస్ చిత్రం ముందు ఇది నిలబడదు. నా విద్యార్థులకు మాత్రం నేను చూపించేది దీన్నే.

సరళీస్వరం రాసినది:

అట్లాంటాలో ఉంటూ పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతుంటాను. చర్చ మొత్తం చదివాను. అందరూ గాయకుల గురించే మాట్లాడుతున్నారు. ఆ పల్లెల్లో వినేవారంటూ లేని పాట ఒకటి ఉంది, దాని గురించి రాయాలనిపించింది.

‘ద సేక్రెడ్ హార్ప్’ అనే కీర్తనల పుస్తకం 1844లో జార్జియావారి పూనికతో వెలువడింది. అందులో స్వరాలను ఆకారాలతో గుర్తిస్తారు. త్రికోణం ఫా, గుండ్రం సోల్, చతురస్రం లా, వజ్రాకారం మి. ఏడు స్వరాలకూ ఈ నాలుగే పేర్లు. సంగీతం చదవడం రాని రైతు కూడా ఆకారం చూసి పాడగలగాలన్నదే ఉద్దేశం. అలబామా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పాత చర్చిలో జరిగిన గానసభకు ఒక స్నేహితురాలు నన్ను తీసుకువెళ్ళింది. బెంచీలను చతురస్రంగా నాలుగు వైపులా వేసి, నాలుగు శ్రుతులవారు లోపలికి ముఖం పెట్టి కూర్చుంటారు. మధ్యలో ఖాళీ జాగా. పాట పిలిచినవారు ఆ జాగాలో నిలబడి చేత్తో తాళం చూపుతారు, పాట అయిపోగానే ఇంకొకరు వస్తారు. పక్కవాద్యం లేదు, శ్రోత లేడు, చప్పట్లు లేవు.

నన్ను కుదిపేసినది మరొకటి. ప్రతి పాటనూ ముందుగా ఫా, సోల్, లా అంటూ స్వరాలతో పూర్తిగా పాడి, ఆ తరువాతే మాటలతో పాడారు. గీతాలు నేర్పేటప్పుడు మనం స్వరం పాడించి సాహిత్యం ఎత్తించే పద్ధతి అచ్చంగా అదే. పక్కనున్న పెద్దావిడ నాకు వేలితో పుస్తకంలో వరుస చూపిస్తుంటే నేను అప్రయత్నంగా తొడ మీద ఆదితాళం వేశాను. ఆవిడ నా చేతిని చూసి నవ్వి, తన చేయి పైకీ కిందికీ ఆడించి, వారి తాళం అలా ఉంటుందని చూపింది. ఆ గొంతులలో తీపి లేదు. గట్టిగా, బిగించి, కొండ అవతలి వారికి వినబడాలన్నట్టు పాడతారు. లూవిన్ బ్రదర్స్ అని ప్రసిద్ధులైన కంట్రీ గాయకులు అలబామా కొండల్లో ఈ పాట వింటూ పెరిగారు. వారి జంటస్వరాలలోని కోత ఎక్కడిదో ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది.

డగ్లస్ చిత్రానికి ఒక్కొక్క గాయకుడు ఒంటరిగా పాడటం ఇష్టం. నేను చూసిన భక్తి మాత్రం అరవై మంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అరిచిన అరుపు.

డోలు_దరువు రాసినది:

ఇంతసేపు చర్చించినా ఒక మాట ఎవరూ ఎత్తలేదు గనుక నేను ఎత్తుతున్నాను. ఈ చిత్రంలో నల్లజాతివారి పాట ఎక్కడ ఉంది? బాంజో ఆఫ్రికా నుంచి వచ్చిన బానిసల వాద్యం. కార్టర్ ఫ్యామిలీ పెద్ద ఏ.పీ. కార్టర్ కొండల వెంట పాటలు సేకరిస్తూ తిరిగినప్పుడు, రాగాన్ని ఒక్కసారి విని గుర్తుపెట్టుకునే పని చేసినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. గ్రాండ్ ఓల్ ఓప్రీ తొలి తారలలో ఒకడైన హార్మోనికా వాద్యకారుడు డిఫోర్డ్ బెయిలీని 1941లో తొలగించారు, కంట్రీ సంగీత హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు 2005లో గానీ చేరలేదు. దక్షిణాది పల్లె క్రైస్తవమంటే తెల్లవారి పశ్చాత్తాపం ఒక్కటే అన్నట్టు గంటన్నర నడిపించడం నా దృష్టిలో పెద్ద లోపం.

కంబర్లాండ్_తీరం రాసినది:

ఒప్పుకుంటున్నాను. నేను కూర్చున్న రైమన్ మందిరపు బాల్కనీ పేరు చాలాకాలం కాన్ఫెడరేట్ గ్యాలరీ. బానిసత్వం కోసం పోరాడిన పాత సైనికుల 1897 నాటి సమ్మేళనం కోసం దాన్ని కట్టారు. మొదటి టపాలో బెంచీల గురించి అంత రాసి ఈ సంగతి వదిలేసినందుకు సిగ్గుపడుతున్నాను.

పాతరేడియో రాసినది:

డోలు_దరువు గారి విమర్శకు నా దగ్గర జవాబు లేదు. ఇది దక్షిణాది మొత్తం కాదు, ఒక తెల్ల గాయకుడు తన బాల్యాన్ని వెతుక్కున్న ప్రయాణమని సర్దిచెప్పవచ్చు, కానీ చిత్రం తన గురించి అంత వినయంగా చెప్పుకోలేదు. అయినా నాకు నచ్చిందన్న మాటను వెనక్కి తీసుకోవడం లేదు. ఎడిటింగ్_టేబుల్ గారు చెప్పిన ఓల్డ్ రెగ్యులర్ బాప్టిస్టులు ఎలా పాడతారో తెలిసినవారు ఎవరైనా చెప్పగలరా?

ఎడిటింగ్_టేబుల్ రాసినది:

వారి ఆరాధనలో వాద్యాలకు చోటు లేదు. పెద్ద ఒకరు చరణంలో ఒక పాదాన్ని గబగబా చదివినట్టుగా అందిస్తారు, సంఘమంతా ఆ పాదాన్ని సాగదీసి, ఎవరి గమకం వారు వేసుకుంటూ, కలిసి పాడుతుంది. తరువాత రెండవ పాదం. చదవడం రానివారు ఎక్కువగా ఉన్న సంఘాలలో ఇలా పాదం పాదం అందించి పాడించాలని ఇంగ్లండులో 1640లలోనే ఆరాధనా నియమాలలో రాసుకున్నారు. అక్కడ అది మాసిపోయింది, కెంటకీ కొండల్లో నిలిచింది. నల్లజాతి బాప్టిస్టు సంఘాలలో కూడా నిలిచింది, ఇది డోలు_దరువు గారి కోసం చెబుతున్నాను.

గుండ్లకమ్మ రాసినది:

ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాయనమ్మ వాళ్ళ పల్లెలో మేము పాడినది ఇలాగే. పాటలు వేరు. పురుషోత్తమ చౌదరి గారి వంటివారు పందొమ్మిదవ శతాబ్దంలో మన రాగాలలో, మన తాళాలలో కట్టిన కీర్తనలు అవి, కెంటకీకీ వాటికీ సంబంధం లేదు. కానీ పాకలో లాంతరు ఒక్కటే, పుస్తకం ఒక్కటే, చదవడం వచ్చినది ఉపదేశి ఒక్కరికే. ఆయన ఒక పాదం చెప్పి ఆగేవారు, ఆడవాళ్ళ వైపు నుంచి ముందుగా పాట లేచేది. ఆ ఆగడంలో వినబడేది కీచురాళ్ళ చప్పుడు, ఎవరి ఒళ్ళోనో పిల్ల దగ్గు, అంతే.

ఎడిటింగ్_టేబుల్ గారూ, ఆ పద్ధతిలో ఒక చిక్కు కూడా ఉంది. ఒకసారి తప్పుగా వినబడినది ఊరంతా తప్పుగానే నేర్చుకుంటుంది. మా ఊళ్ళో ఒక కీర్తనలో ఒక మాట అలాగే మారిపోయి, పుస్తకాలు ఇంటింటికీ వచ్చాక కూడా తిరిగి దారికి రాలేదు.

సరళీస్వరం రాసినది:

గుండ్లకమ్మ గారూ, ఆ మాట ఏమిటో చెప్పకుండా వెళ్ళిపోతే ఎలాగండీ?

గుండ్లకమ్మ రాసినది:

‘పాపిని’ అని ఉండవలసిన చోట మా ఆడవాళ్ళందరూ ‘పాపను’ అని పాడేవారు. కాపాడమని వేడుకొనే పాదం అది. సగంమంది ఒళ్ళో చంటిపిల్లలు ఉండేవారు గనుక వారికి అందులో తప్పేమీ తోచలేదు. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒక ఆదివారం పాట మధ్యలో ఆపి, అక్షరం అక్షరం పలికించి సరిదిద్దారు. రెండు వారాలు జాగ్రత్తగా పాడారు. మూడవ వారం మా నాయనమ్మ గొంతు ముందు లేచింది, మళ్ళీ ‘పాపను’ అనే.